నూట పద్నాలుగో ఫుట్‌నోట్

పదకొండు గంటలకు పిలుస్తామన్నారు. ఆమె పది కాకముందే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది, ముందొచ్చిన వాళ్లకి శిక్ష తగ్గిస్తారన్నట్టు. ఎదురుగా మూసిన తలుపు. తలుపుకున్న అద్దం మీద ఎప్పటిదో పరీక్షల టైంటేబులు అంటించారు, అందుకని లోపల ఏం జరుగుతోందో తెలియదు, మూడేళ్ల కిందట ఏ రోజు ఏ పరీక్ష జరిగిందో మాత్రం తెలుస్తుంది. ఒళ్లో థీసిస్. మూడు వందల పన్నెండు పేజీలు, నల్ల అట్ట, అట్ట మీద బంగారు అక్షరాలు. ఆ అక్షరాలు వేయించిన రోజు బైండింగు షాపులోనే నిలబడి ఎంత మురిసిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. ఫోను కుడిచేతిలో ఉంది. అది మోగాలి. నాన్న ఫోను చేసి, పని అయిపోయింది తల్లీ, అనాలి. ఆ ఒక్కమాట చెవిన పడితే చాలు, ఆ తర్వాత ఆ తలుపు తెరుచుకుని పులి వచ్చినా రానీ. పని అంటే పెద్ద పనేం కాదు. ఇంట్లో అమ్మ కుట్టుమిషను కింద, పాత దుప్పటి చుట్టి పెట్టిన పందొమ్మిది నోటు పుస్తకాలు లేకుండా పోవాలి. నిన్న సాయంత్రం ఆమే చెప్పింది అలా చెయ్యమని. ఎలాగోలా వదిలించు నాన్నా, రేపు పదకొండు లోపల, అని. నాన్న ఎందుకని అడగలేదు. ఆయన ఎందుకని ఎవర్నీ అడగడు, అదే ఆయన జబ్బు. సరేనమ్మా, అన్నాడు. ఆ సరే అన్న గొంతు రాత్రంతా చెవిలో ఉండిపోయింది.

ఎన్ని చుక్కలు నాన్నా? అని అడిగేది చిన్నప్పుడు, తెల్లారకుండానే లేచి, ఆయన వెనకాల నది దాకా నడిచి. నాన్నది మూడో కొలతల కేంద్రం. కేంద్రం అంటే పెద్ద కట్టడం అనుకునేరు, రేకు కప్పిన గది, మెట్లు, నీళ్లలో నిలబెట్టిన అంకెల పలక, అంతే. అక్కడ పొద్దున ఆరింటికి బుడగ లేకుండా సీసా నింపాలి, అందులో రెండు రకాల మందు వేసి కలపాలి, నీళ్లు టీ రంగుకి తిరిగాక మూడో సీసాలోంచి ఒక్కో చుక్కా వదులుతూ రంగు పూర్తిగా విరిగేదాకా లెక్కపెట్టాలి. ఎన్ని చుక్కలకి రంగు విరిగితే నీళ్లలో అంత ఊపిరి ఉన్నట్టు. ఆక్సిజన్ అనేవాడు కాదు నాన్న, ఊపిరి అనేవాడు. ఇరవై అయిదు దాటితే నది సుఖంగా ఉన్నట్టు. పదిహేను కంటే తగ్గితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పది కంటే తగ్గితే తెరిచిన నోళ్లు మూసుకోవు. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టేది, నాన్న పైకి లెక్కపెట్టేవాడు, ఇద్దరి లెక్కా కలిస్తే ఆయన చెవి వెనకనుంచి పెన్సిలు తీసి వెంటనే రాసేవాడు. గుర్తుంటుంది కదా నాన్నా, ఇంటికెళ్లి రాసుకోవచ్చు కదా, అంటే నవ్వేవాడు. గుర్తుపెట్టుకోవడం నా పని కాదు తల్లీ, రాయడమే నా పని, మెట్లెక్కేలోపు మర్చిపోతాను నేను. నిజంగానే మర్చిపోయేవాడు. పెళ్లి రోజు మర్చిపోయేవాడు, అమ్మ పంపిన సామాను మర్చిపోయేవాడు, ఒకసారి చెప్పులు నది ఒడ్డున మర్చిపోయి వట్టి కాళ్లతో ఇంటికొచ్చాడు, కాళ్లు చూసుకుని, అరె, అన్నాడు. రాసిందొక్కటే ఆయనకి ఉండేది.

రాసింది మాత్రం రెండు చోట్ల రాసేవాడు, అక్కడే ఉంది అసలు గొడవంతా. నదికి ఎగువన, రెండు మలుపుల అవతల, కాగితపు మిల్లు వచ్చిన కొత్తలో నాన్న ఆఫీసు ఫారంలో పద్నాలుగు అని రాసి పంపాడట. ఫారం తిరిగొచ్చింది. మళ్లీ కొలవండి, అని. మళ్లీ కొలిస్తే పదమూడు. మళ్లీ తిరిగొచ్చింది. అప్పుడు ఆఫీసు ఇంజనీరు జీపేసుకుని స్వయంగా వచ్చి, మెట్ల మీద కూర్చుని, చాలా మర్యాదగా చెప్పాడట, నది బాగానే ఉంది, మీ చెయ్యి బాగాలేదు, చెయ్యి బాగు చేసుకోండి, లేదంటే చెయ్యి బాగున్నవాణ్ణి పెట్టుకుంటాం అని. నాన్న ధైర్యవంతుడేం కాదు. పక్కింటి కుక్క మొరిగితే వీధి మారే మనిషి. ఆ రోజు నుంచి ఫారంలో ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఆరు. కానీ చూసిన అంకె ఎక్కడో ఒకచోట రాయకపోతే ఆయనకి అన్నం దిగదు. అందుకని పిల్లల బడి నోటు పుస్తకం ఒకటి కొని, అందులో పదమూడు, పన్నెండు, పద్నాలుగు. ఏడాదికొక పుస్తకం, రోజుకొక గీత, పక్కన చిన్న సంతకం కూడా. ఆ సంతకం ఎవరికోసమో ఆయనకే తెలియదు. అమ్మ మిషను తొక్కుతూ అనేది, ఒకటి దొరలకి, ఒకటి దేవుడికి, నాకు మాత్రం ఇంట్లో బీరువా జాగా లేదు, అని.

బెంచీ చల్లగా ఉంది. వరండా చివర గుమాస్తా టేబులు, టేబులు మీద గంట, గుమాస్తా దినపత్రిక మడిచి దానితో ఈగను వెంటాడుతున్నాడు. పది పదిహేను. ఫోను మోగలేదు. నాన్నకి ఫోను ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, అదొకటి. ఎందుకు చదివింది ఈ చట్టాల చదువు. బోలెడు చదువులున్నాయి లోకంలో, హాయిగా లెక్కలు చదువుకోవచ్చు, పళ్ల డాక్టరు అవ్వచ్చు. మొదటి ఏడాది రెండో వారం క్లాసులో గైడ్ మేడం, అప్పటికి గైడ్ కాదు, ఉత్త మేడమే, బోర్డు మీద రెండు గళ్లు గీసి మధ్యలో నీలం సుద్దముక్కతో నది గీసింది. పై దేశం కింది దేశానికి హాని చెయ్యకూడదు. హాని జరిగే పనైతే ముందుగా చెప్పాలి. నీటి కొలతలు ఎప్పటికప్పుడు నిజాయితీగా ఇచ్చిపుచ్చుకోవాలి, ఒప్పందం ప్రకారం. అందరూ రాసుకున్నారు. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే మా నాన్న ఫారం. వంటింటి బల్ల మీద, చారు గిన్నె పక్కన కూర్చుని నాన్న రాసే ఇరవై ఆరు, అదీ అంతర్జాతీయ చట్టం. సరిహద్దు దాటి, కింది దేశంలో ఎవరో ఆఫీసరు చూసి, సంతోషించి, తన వాళ్లకి నీళ్లు తాగండి అని చెప్పే అంకె. ఆ రోజు హాస్టలు గదిలో తలుపు వేసుకుని ఏడ్చింది. ఏడ్చి, నిర్ణయించుకుంది, ఇదే చదువుతాను అని. అప్పటికి పద్దెనిమిదేళ్లు, ఆ వయసులో ఏడుపుకీ నిర్ణయానికీ మధ్య ఎడం ఉండదు.

తర్వాత పదేళ్లు చదివింది. ఎంత చదివితే అంత తెలిసింది, ఎంత తెలిస్తే అంత నీరసం వచ్చింది. ఒప్పందాలు బోలెడు. అందమైన వాక్యాలు. ఉల్లంఘిస్తే ఏమవుతుంది? అని అడిగితే మేడం కళ్లజోడు తుడుచుకునేది. రెండు దేశాల కమిషన్ ఉంటుంది, కమిషన్ సమావేశమవుతుంది, సమావేశం విచారం ప్రకటిస్తుంది. పిల్లి మెడలో గంట కట్టాలని ఎలుకలన్నీ ఏకగ్రీవంగా తీర్మానించాయి, గంట నమూనా మీద మాత్రం ఉపసంఘం వేశాయి, అని క్లాసులో అంటే అందరూ నవ్వారు, మేడం కూడా. తిలాపాపం తలా పిడికెడు, అదీ పర్యావరణ చట్టమంటే, పిడికిలి ఎవరిదో తేలదు. అమ్మ అయితే సెలవులకి వెళ్లినప్పుడల్లా అడిగేది, పక్కింటివాళ్ల మురుగు మన గోడలోకి రాకుండా ఏడేళ్లుగా ఆపలేకపోయాం, నువ్వు రెండు దేశాల మురుగు ఆపుతావా తల్లీ? అని. నవ్వుతూనే అడిగేది. ఆపలేనమ్మా. కానీ నా దగ్గర పందొమ్మిది పుస్తకాలున్నాయి. అందరి దగ్గరా వాక్యాలే ఉన్నాయి, నా దగ్గర అంకెలున్నాయి. ఆ గర్వమే ముంచింది.

నాలుగో అధ్యాయం. ఆఫీసు అంకెలు ఒక వరుస, నాన్న అంకెలు ఒక వరుస, పందొమ్మిదేళ్లు, పక్కపక్కన. ఎవరిచ్చారో చెప్పాలి కదా, చెప్పకపోతే కల్పించావంటారు. ఆమెకి స్నేహితులు పెట్టిన పేరే ఫుట్‌నోట్. ఆకాశం నీలంగా ఉంది అని రాసినా కింద ఆధారం చూపిస్తుంది అని ఎగతాళి చేసేవాళ్లు. ఆధారం లేకుండా ఆమె వాక్యం రాయలేదు, అంకె రాయకుండా నాన్న అన్నం తినలేడు, విత్తనం ఒక్కటే. కాబట్టి నూట పద్నాలుగో ఫుట్‌నోటు. 'మూడవ కొలతల కేంద్రంలో పనిచేసే ఒక ఉద్యోగి వద్దనున్న వ్యక్తిగత పుస్తకాల నుంచి. ఉద్యోగి కోరికపై పేరు ఇవ్వడం లేదు.' ఎంత జాగ్రత్తగా రాసింది. మూడుసార్లు చదువుకుంది. పేరు లేదు, ఊరు లేదు, ఆడో మగో కూడా లేదు. మేడం కూడా పక్కన టిక్కు పెట్టింది. పుస్తకం బైండై, సంతకాలై, బయటి పరీక్షకుడికి పోయాక, మొన్న క్యాంటీనులో, హాస్టలు గదిలో తనతో ఉండే అమ్మాయి సమోసా నములుతూ మామూలుగా అడిగింది, ఆ మూడో కేంద్రంలో ఎంతమంది పనిచేస్తారే? అని. ఒక్కరే, అంది ఈమె. ఒక్కరే. పందొమ్మిదేళ్లుగా ఒక్కరే. పేరు రాయకుండా ఇంటి నంబరు రాసిచ్చింది కన్నతండ్రిది, బంగారు అక్షరాల అట్ట వేసి మరీ.

ఆ బయటి పరీక్షకుడు ఎవరయ్యా అంటే కమిషన్లో తొమ్మిదేళ్లు మన దేశం తరఫున కూర్చున్నాయన. మేడం ముందే హెచ్చరించింది, పెద్దాయన, ప్రభుత్వానికి కావలసినవాడు, కొంచెం తగ్గి మాట్లాడు అని. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆయన ఫుట్‌నోటు చదువుతాడు, ఇంజనీరుకి ఫోను చేస్తాడు, జీపొస్తుంది, మిషను కింద దుప్పటి లాగుతారు. దొంగ ఫారాలు నింపాడని నాన్న మీదే కేసు పెడతారు, నింపమన్నవాడే సాక్షి. ఇంకా రెండేళ్లుంది నాన్న రిటైరవ్వడానికి. ఆయన్ని ఎవరైనా గట్టిగా ఒక్కమాటంటే కూర్చున్నచోటే కుంగిపోతాడు, పోలీసు స్టేషన్లో బల్ల మీద నాన్నని ఊహించుకోలేకపోయింది ఆమె, చెప్పులు ఎక్కడ విడిచాడో మర్చిపోయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోక ఏం చేస్తుంది. పుస్తకాలు లేకపోతే రుజువు లేదు, రుజువు లేకపోతే ఎవరో పిచ్చిపిల్ల అంకెలు కల్పించింది, అంతే, పట్టా పోతుంది, పోనీ. అందుకే నిన్న సాయంత్రం ఆ ఫోను. ఎంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి, వదిలించు నాన్నా అని, పాత బట్టల సంగతి చెప్పినట్టు. పది యాభై అయిదు. గుమాస్తా ఈగను కొట్టేశాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు.

ఫోను మోగింది. చేతిలో ఉన్నదే మోగితే ఎక్కడిదో అనుకుని వెతికింది ఒక్క క్షణం.

"అయిపోయిందమ్మా" అన్నాడు నాన్న.

"మొత్తం?"

"మొత్తం. కాలుద్దామంటే పొగొస్తుంది, చుట్టుపక్కల అడుగుతారు అంది మీ అమ్మ. నదిలో వేద్దామని తీసుకెళ్లాను తల్లీ. తీరా వెళ్లాక చెయ్యి రాలేదు. అసలే దానికి ఊపిరాడక చస్తుంటే మళ్లీ మనం కూడా చెత్త వెయ్యడమెందుకని. తిరిగొచ్చి పాత కాగితాల బండికి వేసేశాను. మంచిదేలే, ఆ బండి తిన్నగా మిల్లుకే పోతుంది. అక్కడ ముక్కలు చేసి ఉడకబెట్టేస్తారు, ఇంకెవరికీ దొరకవు."

నవ్వు వచ్చింది ఆమెకి. అది నవ్వేనా అని గుమాస్తా తలెత్తి చూశాడు. పందొమ్మిదేళ్ల నది ఆ మిల్లులో ఉడికి, ఆ మిల్లు గొట్టంలోంచి మళ్లీ నదిలోకే వస్తుంది, రేపో ఎల్లుండో నాన్న సీసాలోకి వస్తుంది. అడగాలనుకుంది, నీకు బాధగా లేదా నాన్నా, అని. ఆయన ఎందుకని అడగనట్టే ఈమె బాధగా ఉందా అని అడగలేదు.

"ఒక్కటే ఇబ్బంది" అన్నాడు ఆయన, తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించి. "పొద్దున్న కొలిచాను కదా అలవాటుగా. పుస్తకం లేదు మరి. ఎక్కడ రాయను? ఇందాకటి నుంచి పెదాల మీద పెట్టుకుని తిరుగుతున్నాను మర్చిపోకుండా. నువ్వు రాసుకో తల్లీ, చదువుకున్నదానివి. రేపటి నుంచి ఇంక రాయనులే."

కాగితం కోసం వెతకలేదు, థీసిస్ చివరి తెల్ల పేజీ ఉన్నా గుర్తురాలేదు, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, పక్కనున్న సంచిలో ఎడమచేతికి తగిలిన పెన్ను లాగి, కుడి అరచేతిలో ఆ చేత్తోనే వంకరటింకరగా రాసింది ఆయన చెప్పిన అంకె. రాస్తుండగానే గుమాస్తా గంట కొట్టి, వైవా అమ్మాయ్, పిలుస్తున్నారు, అన్నాడు. క్లాసులో రాసుకున్నట్టు రాసింది, చెవి నుంచి చేతికి, మధ్యలో మనసు లేకుండా. ఉంటాను నాన్నా, అంది. బాగా చెప్పు, భయపడకు, అన్నాడు నాన్న, భయపడడం గురించి లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి.

లోపల గది అనుకున్నంత పెద్దది కాదు. మేడం, ఇంకో ఇద్దరు, మధ్యలో ఆ పెద్దాయన. పులిలా లేడు. స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగి, అదే రంగు కాని దారంతో కుట్టి ఉంది. మొదటి అధ్యాయం మీద రెండు ప్రశ్నలు అడిగాడు, రెండో దాని మీద ఒకటి, ఆమె చెప్పింది, నోరు దానంతటదే చెబుతోంది, పదేళ్లుగా నూరిపోసింది ఎక్కడికి పోతుంది. మూడోది తిప్పేశాడు. నాలుగో అధ్యాయం దగ్గర పుస్తకం పూర్తిగా తెరిచి పెట్టి, వేలు పేజీ అడుగుకి జారింది. ఆమె ఆ వేలినే చూస్తోంది. నూట పద్నాలుగు. ఇప్పుడు అడుగుతాడు, కల్పించాను అంటుంది, సిద్ధంగా ఉంది మాట, నాలుక చివర.

"నేను కమిషన్లో తొమ్మిదేళ్లు ఉన్నాను" అన్నాడు ఆయన, ఆమెతో కాదు, పేజీతో అన్నట్టు. "ఏటా ఈ నది కొలతలు నా ముందుకొచ్చేవి. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఆరు. వానాకాలం లేదు, ఎండాకాలం లేదు. ఏ నదీ అంత బుద్ధిగా ఉండదమ్మా. తెలిసీ ఏం చెయ్యలేకపోయాను. రుజువు లేదు. ఆ సిగ్గుతోనే బయటికొచ్చాను." కళ్లజోడు తీశాడు. "మీ పుస్తకంలో పనికొచ్చేది ఈ ఒక్క అధ్యాయమే. అసలు పుస్తకాలు చూపించండి. ఒక్కటి చాలు. ఆ మనిషి పేరు బయటికి రాకుండా కమిషన్ ముందు పెట్టే పద్ధతి ఉంది, దాని బాధ్యత నాది. ఈ ఫుట్‌నోటు ఇలా ఉండకూడదు, పసిపిల్లాడైనా మనిషిని పట్టేస్తాడు, అచ్చుకి పోకముందే మార్పిస్తాను. అది సరే. పుస్తకాలు ఉన్నాయా?"

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. బండి ఎక్కడిదాకా వెళ్లి ఉంటుంది? వంతెన దాటి ఉంటుందా, మిల్లు గేటు దగ్గర వరుసలో ఆగి ఉంటుందా, ఇప్పుడు ఫోను చేస్తే నాన్న పరుగెత్తగలడా, యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఏ బండో, ఎవరి బండో, పేరు అడిగి ఉండడు, అడిగినా గుర్తుండదు. పందొమ్మిదేళ్లు ఎవరూ ముట్టుకోని పుస్తకాలు. జీపు రాలేదు, పోలీసులు రాలేదు, ఇంజనీరు రాలేదు. నేనొచ్చాను. పదేళ్లు చదువుకుని నేనొచ్చాను వాటి మీదికి. ఒక్క రోజు, ఒక్క పూట, నోరు మూసుకుని కూర్చుని ఉంటే చాలేది.

"లేవండీ" అంది.

"లేవంటే? ఆయన ఇవ్వనంటున్నాడా? నేను మాట్లాడతాను."

"లేవు."

ఆయనకి ఏం అర్థమైందో తెలియదు. తర్వాత పెన్సిలు తీసుకుని, నాలుగో అధ్యాయం మొదటి పేజీ మీద మూల నుంచి మూలకి ఒక గీత గీశాడు, గట్టిగా కాదు, మెల్లగా, చెయ్యి రాకపోయినా గీసినట్టు. అసలువి లేకుండా ఇది ఉండడానికి వీల్లేదు, తీసేసి మళ్లీ బైండు చేయించండి, అన్నాడు. మిగతాదంతా చక్కగా ఉంది, ఏకగ్రీవంగా ఆమోదిస్తున్నాం. మేడం ముఖం వెలిగిపోయింది. అందరూ లేచారు. ఒకరి తర్వాత ఒకరు చెయ్యి చాచారు, అభినందనలు, అభినందనలు డాక్టరుగారూ, ఆమె కుడిచెయ్యి ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటూ పోయింది. పెద్దాయన చివర్న పట్టుకున్నాడు, రెండు చేతులతో, కాస్త ఎక్కువసేపే.

వరండాలో మళ్లీ అదే బెంచీ. గుమాస్తా స్వీట్లేవమ్మా అన్నాడు. ఫోను తీసింది నాన్నకి చెప్పడానికి, పాసయ్యాను అని మాత్రం, మిగతాది ఈ జన్మలో చెప్పదు. అప్పుడు చెయ్యి చూసుకుంది. చెమటకీ, అన్ని చేతుల రాపిడికీ సిరా అలుక్కుపోయి అరచెయ్యంతా నీలమైంది. మొదటి అంకె ఒకటి, అది ఉంది. రెండోది కింద కాలు మాత్రం ఉంది, తల లేదు. పదకొండా? పదిహేడా? పదిహేడైతే చేపలు ఇంకా కిందే ఉంటాయి. వెలుతురులోకి తిప్పి చూసింది, చేతిని దగ్గరికి తెచ్చి చూసింది, దూరంగా పెట్టి చూసింది. నాన్న చెప్పిన గొంతు గుర్తుంది, పొద్దున్న కొలిచాను కదా అన్నది గుర్తుంది, రాసుకో తల్లీ అన్నది గుర్తుంది, అంకె ఒక్కటే లేదు. నాన్ననే అడుగుదామని నంబరు నొక్కింది. అటు మోగుతుండగానే కట్ చేసేసింది. ఆమెకి చెప్పేశాడు కదా, ఈపాటికి ఆయన మర్చిపోయి ఉంటాడు.